ఎద్దులు ముందు, మనం వెనక

ఈ వారం ఉసిరికాయ తొక్కు గురించి రాస్తానన్నాను. అది మళ్లీ వారానికి ఉంచండి, కోప్పడొద్దు. మా అత్తగారి మిద్దె విషయంలో ఇంట్లో పెద్ద రగడే జరిగింది. దానికి కారణం నేనే.

మా అత్తగారి ఊరు బనగానపల్లె దగ్గర. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. పెళ్లయి మొదటిసారి తలవాకిలి దాటగానే నాకు ఎదురుపడింది అత్తగారు కాదు, రెండు ఎద్దులు! కడప టౌనులో పెరిగినదాన్ని, హడలిపోయాను. మా రెండు జిల్లాల పల్లెల్లో పాత రైతుల ఇళ్లు చాలావరకు ఇంతే. మనుషులకూ గొడ్లకూ ఒకటే వాకిలి. ముందు భాగం గొడ్లది, మూరెడు ఎత్తున వెనక మన పడసాల, వంటిల్లు. గాడికి నిలబెట్టినవి నాపబండలే. మూత్రం బయటి గుంతలోకి జారిపోయేట్టు నేల కాస్త వాలుగా ఉంటుంది. దొంగల భయానికి బయటి గోడలకు కిటికీలు పెట్టలేదు. వెలుతురంతా మిద్దె పైన గవాచి నుంచే. వానొస్తే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి దాన్ని మూయాలి. కొత్త కోడలు ఉండగా ఇంకెవరు పరుగెత్తుతారు చెప్పండి!

వాకిట్లో జొన్నల పాతర ఉండేదట. మూత తీసిన వెంటనే దిగనిచ్చేవాళ్లు కాదట. చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవాళ్లట. దీపం ఆరిపోతే లోపల విషగాలి ఉన్నట్టు.

అసలు సంగతి పైకప్పు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలు, ఆకూ అలమా, మట్టి, అన్నిటికీ పైన చవుడు. చవుట్లో ఉప్పుగుణం ఉంటుంది కదా, తడిస్తే మెత్తబడి సందులన్నీ పూడ్చేస్తుంది. నీళ్లు కిందికి దిగకుండా దోనెల్లోంచి పడిపోతాయి. గడ్డి కూడా తొందరగా మొలవదు. ఎండాకాలం 43 డిగ్రీలు కాస్తున్నా పడసాలలో చల్లగా ఉండేది దీనివల్లే. అయితే వానలకు ముందు కొత్త చవుడు వేయాలి, పాతది కొంత గీకేశాకే వేయాలి. గీకకుండా ఏటా పోస్తూ పోతే ఆ బరువుకే మిద్దె కూలుతుంది.

ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు పోయాయి, చవుడు వేసేవాళ్లూ తగ్గారు. అప్పుడు నేనే మావారితో, "పైన సిమెంటు పూయించండి, పీడా పోతుంది" అన్నాను. రెండేళ్లకు సిమెంటు నెర్రెలిచ్చింది. ఆ సందుల్లోంచి దిగిన నీళ్లు ఆరే దారి లేక మట్టిలోనే నిలిచి ఒక దూలం కొన పుచ్చిపోయింది. మా మరిది "కూలగొట్టి స్లాబు వేద్దాం" అన్నాడు. టేకు తలుపులకు బేరగాడు కూడా వచ్చి చూసిపోయాడు.

మా అత్తగారు మాత్రం గాడి పక్కన కూర్చుని, "మిద్దె కారేది మిద్దె తప్పు కాదు మ్మే. దానికి ఊపిరాడకుండా చేసింది మీరు" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

శ్రీశైలం డ్యాము నీళ్లలో ఊళ్లు మునిగేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. మంచి పనే. మట్టి మిద్దెలను అట్లా ఎవరు విప్పి కడతారు?

చివరికి నేనే మా మరిదిని బతిమాలుకున్నాను. ఈ ఒక్క ఏడాది ఆగుతానన్నాడు. సిమెంటు పెళ్లలు తీయించాం. చెడిన దూలం కింద తాత్కాలికంగా రెండు మొద్దులు నిలబెట్టాం. పక్క ఊళ్లో చవుడు వేయడం తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో పైకెక్కలేడట, నిచ్చెన కింద నిలబడి చెప్తానన్నాడు. దూలం మార్చి, మృగశిర కార్తె లోపల చవుడు వేయాలి. పైకెక్కేది నేనూ, మావారూ. మీ వైపు చవుడు వేసే ముందు మట్టిని ఎన్ని రోజులు నానబెడతారో ఎవరికైనా తెలిస్తే ఒక ఉత్తరం ముక్క రాయండి.