మా బావ హార్డ్ డిస్కూ, నా మూడు సెకన్ల కర్నెలూ

మొన్న ఆదివారం బాసర ట్రిపుల్ ఐటీ నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. (అల్లుడంటే అక్క కొడుకు లెండి, కూతురికి పెళ్ళి చేసేంత వయసు నాకింకా రాలేదు.)

"మామా, కర్నెల్ సొంతంగ కంపైల్ చేసిన. మస్తు చిన్నగైంది. కానీ పెన్ డ్రైవ్ పెడితే గుర్తుపడ్తలేదు" అన్నాడు.

ఏం చేశాడో అడక్కుండానే అర్థమైంది. 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' కొట్టాడు. అది ఆ క్షణాన మెషీన్లో ఏ మాడ్యూల్స్ లోడై ఉన్నాయో చూసి, అవి ఉంచి మిగతావన్నీ కాన్ఫిగ్‌లోంచి పీకేస్తుంది. అప్పటికి వీడు పెన్ డ్రైవ్ పెట్టలేదు, కాబట్టి యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ లోడవలేదు, కాబట్టి అది అనవసరం అని తేలిపోయింది. పెళ్ళికి రానివాళ్ళని చుట్టాల లిస్టులోంచే కొట్టేసినట్టు!

వాడిని తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఇదే పని నేను 2007లో చేశాను, అదీ వాళ్ళ నాన్న మెషీన్ మీద.

అప్పట్లో మా బావకి కరీంనగర్‌లో చిన్న నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక మూల లినక్స్ పెట్టిన అసెంబుల్డ్ డబ్బా. నెట్ కనెక్షన్ అందరికీ పంచేది అదే, కస్టమర్ల స్కాన్ కాపీలు, అప్లికేషన్లు దాచేది అదే. నేను పండక్కి వెళ్ళినప్పుడు ఊరికే కూర్చోలేక ఆ డబ్బాకి కర్నెల్ 'తేలిక' చేశాను. ఆ రోజుల్లో అదొక పిచ్చి. డిస్ట్రో ఇచ్చిన కర్నెల్ వాడేవాడు ఇంజనీరే కాదన్నట్టు ఉండేది మా వాలకం. బోర్డు మీద వయా చిప్‌సెట్ ఉంది, కనక ఐడీఈ డ్రైవర్లలో వయా ఒక్కటే 'వై' పెట్టి కర్నెల్‌లో కలిపేశా. ఇంటెల్, ఏఎండీ, సిస్, అన్నీ 'ఎన్'. జెనరిక్ ఐడీఈ డ్రైవర్ కూడా 'ఎన్'. అది ఉంటే డీఎంఏ లేకుండా నత్తనడక నడిచినా, ఏదో ఒకటి నడిచేది. అన్నీ లోపలే ఉన్నాయి కదా, ఇనిట్‌ఆర్‌డీ ఎందుకని అదీ తీసేశా. బూట్ పార్టిషన్లో చోటు చాలట్లేదని పాత కర్నెల్ కూడా డిలీట్. ఇంత చేస్తే బూట్ టైం మూడు సెకన్లు తగ్గింది. మా బావకి స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూపించా.

ఆ ఎండాకాలం ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చి, బోర్డు కాలిపోయింది. డిస్కుకి ఏం కాలేదు. మెకానిక్ దొరికిన బోర్డు, ఇంటెల్ చిప్‌సెట్‌ది, వేసి అదే డిస్కు తగిలించాడు. ఆన్ చేస్తే తెర మీద 'కర్నెల్ పానిక్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్ (0,0)'.

ఈ బ్రాకెట్లో అంకెలు చాలామంది చూడరు గానీ, అసలు విషయం అక్కడే ఉంటుంది. మొదటిది మేజర్, రెండోది మైనర్ నంబరు. (8,1) అని వస్తే కర్నెల్‌కి డిస్కు కనబడింది, దానిమీదున్న ఫైల్ సిస్టం అర్థం కాలేదని. ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 లాంటి డ్రైవర్ మర్చిపోయారేమో చూసుకోవాలి. (0,0) వచ్చిందంటే డిస్కే కనబడలేదు. కంట్రోలర్ డ్రైవర్ లేదు. బావ ఫోన్లో ఒక్కో అక్షరం చదువుతుంటే సున్నా, సున్నా అనగానే నా గుండె జారింది.

అది ఇంటర్ రిజల్ట్స్ వారం. పిల్లలు బయట లైన్ కట్టి ఉన్నారు. అక్కడ లైవ్ సీడీ లేదు, నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది, కదల్లేను. చివరికి బావే డిస్కు పీకి, టవల్లో చుట్టి, బస్సెక్కి జేబీఎస్‌లో దిగాడు. నూటరవై కిలోమీటర్లు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. నా పీసీకి తగిలించి, లైవ్ సీడీతో ఎక్కి, క్రూట్ చేసి డిస్ట్రో కర్నెల్, దాని ఇనిట్‌ఆర్‌డీ వేసేసరికి అర్ధగంట పట్టింది. ఎఫ్‌స్టాబ్‌లో హెచ్‌డీఏ పేర్లు తీసి యూయూఐడీలు రాశా. ఆ ఏడాదే ఫెడోరా 7 లాంటివి లిబ్‌ఏటీఏకి మారి హెచ్‌డీఏలన్నీ ఎస్‌డీఏలు అవుతున్నాయి మరి.

బావ చాయ్ తాగుతూ ఒకటే మాట అన్నాడు: "నీ మూడు సెకండ్లు ఏమో గానీ బామ్మర్దీ, నాకు రెండు రోజుల గిరాకీ పోయింది."

అప్పట్నుంచీ నా అభిప్రాయం మారింది, ఇప్పటికీ అదే. వేరేవాళ్ళు బతుకుదెరువుకి వాడే మెషీన్లో స్టోరేజ్ డ్రైవర్లు తగ్గించడం తెలివి కాదు, పొగరు. డిస్ట్రో కర్నెల్ 'బండగా' ఉంటుందని ఎగతాళి చేస్తాం గానీ, వాడని మాడ్యూల్ డిస్కు మీద కాస్త చోటు తింటుందే తప్ప మెమొరీ తినదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కంప్యూటర్ అంటే ఈ రోజు ఒక బోర్డు, రేపు ఇంకో బోర్డు. డిస్కు ఒక్కటే పాతది. ఏ బోర్డులో పెట్టినా లేచే కర్నెలే దానికి కావాలి. డెబియన్ వాళ్ళ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సెట్టింగు మామూలుగా 'మోస్ట్' అని ఉండేది ఇందుకే. ఫెడోరాలో డ్రాకట్ ఆ మెషీన్‌కి సరిపడా మాత్రమే పెడుతుంది గానీ, పక్కనే అన్నీ ఉన్న రెస్క్యూ ఎంట్రీ ఒకటి ఉంచుతుంది. నాలాంటివాడిని చూసే పెట్టి ఉంటారు :)

నేర్చుకోవద్దంటానా? నేర్చుకోవాలి, కానీ సొంత మెషీన్ మీద, పాత కర్నెల్ గ్రబ్‌లో ఉంచుకుని. 'ఎం' పెడితే సరిపోతుందనుకోకండి. ఆ మాడ్యూల్ ఫైలు ఉండేది డిస్కు మీదే, డిస్కు తెరవడానికి ఆ మాడ్యూలే కావాలి. ఇంట్లో తాళంచెవి పెట్టి బయట తాళమేసుకున్నట్టు. అది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఉండాలి, లేదా 'వై' కావాలి. ఏహెచ్‌సీఐ, ఎన్‌వీఎంఈ, ఎస్‌సీఎస్ఐ డిస్క్, ఈఎక్స్‌టీ4, ఈ నాలుగూ నేనైతే 'వై' పెడతా. ఇంకో తిరకాసు, రూట్ ఈక్వల్స్ యూయూఐడీ అని ఫైల్ సిస్టం యూయూఐడీ రాస్తే దాన్ని వెతికేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, కర్నెల్‌కి సొంతంగా ఆ విద్య రాదు.

పాత కాన్ఫిగ్ ఫైళ్ళు దాచుకునేవాళ్ళకి కూడా ఒక మాట. 2021లో 5.14 నుంచి పాత ఐడీఈ డ్రైవర్లు మొత్తం కర్నెల్‌లోంచి తీసేశారు. మా బావ డబ్బా నాటి కాన్ఫిగ్ ఇవ్వాళ ఓల్డ్‌కాన్ఫిగ్‌లో తోస్తే ఆ లైన్లు నోరెత్తకుండా మాయమవుతాయి. లిబ్‌ఏటీఏలో పాటా వయా మనమే వెతికి పెట్టుకోవాలి, లేకపోతే మళ్ళీ సున్నా, సున్నా.

అల్లుడికి ఇదంతా చెప్పి, యూఎస్‌బీ స్టోరేజ్ 'ఎం' పెట్టి మళ్ళీ కంపైల్ చెయ్యమన్నా. పాత కర్నెల్ ఉందా అని అడిగా.

"ఉంది మామా. తియ్యొద్దని నాన్న చెప్పిండు."