ఏ సాబ్రీ? ఏ ఫరీద్?



2021 ఏప్రిల్. కరోనా రెండో లహర్, పైగా రంజాన్ నెల. వేల్పూర్‌లో మా ఇంట్లో ఇఫ్తార్‌కి ఖజూర్లు సర్దుతుంటే ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఖబర్ వచ్చింది: "సాబ్రీ బ్రదర్స్ ఫరీద్ సాబ్రీ సాబ్ ఇంతెఖాల్."

నేను 'ఇన్నా లిల్లాహి' రాసేలోపే దుబాయ్‌లో ఉండే మా ఖాలా కొడుకు జవాబు పెట్టేశాడు. "ఆయన 1994లోనే పోయాడు కదా భాయ్. ఫేక్ న్యూస్, ఎవరూ ఫార్వర్డ్ చేయకండి." కింద వరసగా బొటనవేళ్ళు. బాత్ ఖతం. ఆ రోజు మా గ్రూపులో ఆ మర్హూమ్ కోసం ఒక్కరూ దువా రాయలేదు.

మా తమ్ముడు చెప్పింది ఝూట్ కాదు. కానీ అది వేరే మనిషి సంగతి.

కరాచీ సాబ్రీ బ్రదర్స్ అంటే గులాం ఫరీద్ సాబ్రీ, మఖ్బూల్ అహ్మద్ సాబ్రీ. వాళ్ళది రోహ్‌తక్ ఇలాఖాలోని కల్యానా. 1947 బట్వారాలో కరాచీ వెళ్ళిపోయారు. 'భర్ దో ఝోలీ', 'తాజ్‌దారే హరమ్' వాళ్ళ గొంతుల్లోనే ఇంటింటికీ చేరాయి. గులాం ఫరీద్ 1994లో, మఖ్బూల్ 2011లో కన్నుమూశారు. గులాం ఫరీద్ కొడుకు అమ్జద్ సాబ్రీని 2016 జూన్ 22న, అదీ రంజాన్‌లోనే, కరాచీలో కాల్చి చంపారు.

జైపూర్ సాబ్రీ బ్రదర్స్ వేరు. తండ్రి సయీద్ సాబ్రీ, కొడుకులు ఫరీద్, అమీన్. 1991లో వచ్చిన 'హెన్నా' సినిమాలో లతా మంగేష్కర్, సురేశ్ వాడ్కర్‌లతో కలిసి 'దేర్ న హో జాయే కహీ' పాడింది ఈ తండ్రీకొడుకులు సయీద్, ఫరీద్. 2021 ఏప్రిల్‌లో పోయింది ఈ ఫరీద్. రెండు నెలలు తిరగకుండానే జూన్‌లో సయీద్ సాబ్ కూడా పోయారు.

ఇద్దరు ఫరీద్‌లు, ఇద్దరూ సాబ్రీలు, ఇద్దరూ కవ్వాల్లు. మరి ఇందులో అస్లీ ఎవరు, నఖ్లీ ఎవరు? మనవాళ్ళు మొదట అడిగే సవాల్ ఇదే. నా రాయ్ ఏమిటంటే, అసలు ఆ సవాలే గలత్.

సాబ్రీ అనేది దుకాణం బోర్డు కాదు, నిస్బత్. కలియర్ షరీఫ్‌లో ఉన్న హజ్రత్ సాబిర్ పాక్ సిల్సిలాతో రిష్తా చెప్పుకునే మాట. ఆ సాబిర్ పాక్ ఎవరు? బాబా ఫరీద్ గంజ్‌షకర్‌కి సొంత భాంజా, ఖలీఫా కూడా. అంటే 'ఫరీద్', 'సాబ్రీ' అన్న రెండు మాటలూ ఆ మామూ-భాంజాల ఇంటి నుంచే వస్తాయి. ఆ దర్ మీద నిలబడి పాడే వాళ్ళెవరైనా ఆ పేర్లు పెట్టుకుంటారు. మన హైదరాబాద్ వార్సీ బ్రదర్స్ సంగతీ అంతే. నజీర్, నసీర్ వార్సీలు పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మనవలు. కానీ వార్సీ అన్న మాట దేవా షరీఫ్ హాజీ వారిస్ అలీ షా నిస్బత్. ఆ నిస్బత్ ఉన్న కవ్వాల్లు ఉత్తరాదిలోనూ ఉన్నారు. ఎవరిని పేరు మార్చుకోమంటాం?

పాడేవాళ్ళ మీద నాకు షికాయత్ లేదు. షికాయత్ అంతా వినే మన మీదే.

ఒక్క మాట కలిపితే ఎంత తేడా వస్తుందో చూడండి. 1968లో హైదరాబాద్‌లో కన్నుమూసిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ పేరే ఆ తర్వాతి గజల్ గాయకుడు గులాం అలీకి పెట్టారు. 'బడే' అన్న ఆ చిన్న మాట ఇవాళ్టికీ ఇద్దరినీ వేరుగా నిలబెడుతోంది. మన ఊళ్ళో మాత్రం ఏం చేస్తాం? గల్లీకి నలుగురు అహ్మద్‌లు ఉంటే పసుపు అహ్మద్ అనో, సౌదీ అహ్మద్ అనో అంటాం. అప్పు వసూలు చేయాల్సి వస్తే ఏ అహ్మదో అస్సలు పొరపాటు పడం. కళాకారుడి దగ్గరికి వచ్చేసరికి మనకి ఎక్కడలేని బద్ధకం.

మన బుజుర్గులు ఇలా ఉండేవారు కాదు. ఒకే పేరున్న రావీలను విడదీయడానికే ఖతీబ్ బగ్దాదీ 'అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్' అని ఒక కితాబే రాశారు. ఆయన వఫాత్ హిజ్రీ 463లో. ఒకరి మాట ఇంకొకరి ఖాతాలో పడకూడదన్న ఫికర్ అది. హదీస్ స్థాయి వేరు, కవ్వాలీ స్థాయి వేరు, ఆ తేడా నాకు తెలుసు. కానీ ఒకరి మెహ్నత్ ఇంకొకరి పేరున రాయకూడదన్న ఉసూల్ మాత్రం ఒక్కటే. కవ్వాలీ జాయిజా కాదా అని బహస్ చేసే భాయిలకూ ఇదే నా అర్జ్: ఆ బహస్ పక్కన పెట్టండి, పోయిన మనిషిని పోలేదనడం ఎవరికీ జాయిజ్ కాదు.

అందుకే ఉర్సు కమిటీల వాళ్ళకి, షాదీకి కవ్వాలీ పెట్టించే ఇళ్ళవాళ్ళకి ఒక గుజారిష్. పోస్టర్ మీద ఉత్త 'బ్రదర్స్' అని వదిలేయకండి. పాడేవాళ్ళ పూర్తి పేర్లు, వాళ్ళ ఊరి పేరు రాయండి. ఒక్క లైను ఎక్కువ అవుతుంది, అంతే. ఫోన్‌లో పాట పంపేటప్పుడూ అంతే. మౌత్ ఖబర్ వస్తే 'ఫేక్' అనే ముందు 'ఏ ఊరు?' అని ఒక్కసారి అడగండి.

మా అబ్బా మర్హూమ్ దగ్గర ఒక కేసెట్ ఉండేది. నిజామాబాద్‌లో ఒక దుకాణంలో నింపించుకున్నది. దాని మీద ఆయన చేతిరాతలో 'సాబ్రీ బ్రదర్స్' అని మాత్రమే ఉంది. ఆ ఖబర్ వచ్చిన రాత్రి తరావీహ్ అయ్యాక దాన్ని వెతికి తీసి పెట్టి విన్నాను. ఒక వైపు కరాచీ వాళ్ళు, రెండో వైపు జైపూర్ వాళ్ళు. అబ్బా జిందగీ అంతా వాళ్ళని ఒకే జోడీ అనుకుని విన్నారు.

ఆయన రాతని చెరపలేదు. దాని కిందే, ఒక వైపు 'కరాచీ', ఇంకో వైపు 'జైపూర్' అని రాశాను. తర్వాత గ్రూపు తెరిచి, ఆలస్యంగానే అయినా, ఫరీద్ సాబ్రీ జైపూరీ పేరున దువా రాశాను. మా ఖాలా కొడుకు ఈసారి 'ఆమీన్' అన్నాడు.