మేడ మీద విత్తనాల మడి

మేడ మీద కూరగాయల గురించి ఈ పేజీలో రాసినప్పటినుంచీ నన్ను కలిసిన వాళ్ళంతా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "కాయలు బాగానే కాస్తున్నాయండీ, కానీ వాటి గింజలే దాచి మళ్ళీ వేస్తే ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా కాస్తోంది, ఎందుకంటారు?" అని. దీనికి జవాబు నాకు బాగా తెలుసు. ఆ తప్పు చేసి మా అమ్మ ఇచ్చిన వంకాయ రకాన్ని చేజేతులా పోగొట్టుకోబోయినదాన్ని నేను.

మా పుట్టిల్లు జహీరాబాదు దగ్గర పల్లె. అమ్మ పెంచిన వంకాయ గుండ్రంగా, ఆకుపచ్చ మీద తెల్ల చారలతో, తొడిమ నిండా ముళ్ళతో ఉండేది. నువ్వులు, పల్లీలు వేయించి దంచి, నాలుగుగా చీల్చిన కాయల్లో కూరి మగ్గబెడితే ఆ రోజు ఇంట్లో ఇంకో కూర అక్కర్లేదు. ప్రతి ఏడూ మంచి చెట్టు చూసి, దాని మీద రెండు కాయలకు పాత చీర పీలిక, ఎర్రటిది, కట్టేది. "విత్తనానికి ఇడిసిపెట్టిన కాయ బిడ్డా, చెయ్యి పెట్టకు" అనేది. 2014లో నాకు కాసిన్ని గింజలిచ్చింది. అమీర్‌పేటలో మేం అద్దెకుండే ఇంటి మేడ మీద కుండీల్లో వేశాను, బ్రహ్మాండంగా కాశాయి. ఆ సంబరంలో నర్సరీ నుంచి పొడుగు ఊదా వంకాయ నారు కూడా తెచ్చి పక్కనే పెట్టాను. అదీ నేను చేసిన పని! మరుసటేడు దాచిన గింజలు వేస్తే, కొన్ని కాయలు పొడుగ్గా, కొన్ని గుండ్రంగా ఊదారంగు మచ్చలతో, అమ్మ రకం కూడా కాని వింత కాయలు వచ్చాయి.

పోనీలే, ఊరెళ్ళినప్పుడు మళ్ళీ తెచ్చుకుందాం అనుకున్నాను. 2019లో అమ్మ పోయింది. తమ్ముడు ఆ పొలమంతా పత్తి వేశాడు. పెరట్లో వంకాయ చెట్టన్నదే లేదు. 2021లో దేవుడి అలమర సర్దుతుంటే, అడుగున అమృతాంజనం సీసాలో బూడిదతో కలిపిన గింజలు దొరికాయి, అమ్మ చేత్తో ఇచ్చినవి. లెక్కపెడితే ఇరవై నాలుగు. తడిగుడ్డలో చుట్టిపెడితే మూడు మొలిచాయి. ఆ మూడు మొక్కల కోసమే నేను మొదటిసారి కాగితం, పెన్సిలు పట్టుకుని మేడకి ప్లాను గీశాను.

కాగితం కంటే ముందు ముగ్గుపిండి పట్టుకోండి. మాకు ఇంటివాళ్ళు ఇచ్చిన జాగా పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. ఒక సెలవురోజు పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి నీళ్ళ ట్యాంకు నీడ, పక్క హాస్టలు బిల్డింగు నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో ముగ్గుతో గీతలు గీశాను. మా అమీర్‌పేటలో కోచింగు పిల్లల హాస్టళ్ళు లేని సందు ఉండదు కదా, ఆ నాలుగంతస్తుల నీడ మూడింటికే సగం మేడను మింగేస్తోంది! అది చూశాక ఆ వైపు పుదీనా, కొత్తిమీర, తోటకూర పెట్టేశాను. విత్తనానికి ఉంచే చెట్లకు మాత్రం కనీసం ఆరుగంటల ఎండ తగిలే చోటు ఇచ్చాను. పందిరి ఉత్తరం గోడకే వేయాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు గనుక, తీగలు దక్షిణాన ఉంటే మిగతావాటికి ఎండ అందదు. బరువైన కుండీలు పిట్టగోడల పొడుగునా, కింద దూలాలు ఉన్నచోట పెట్టండి. స్లాబు మధ్యలో గుట్టలా పేర్చకండి. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీరు నిలవదు, ఇంటివాళ్ళతో మాటా పడక్కర్లేదు.

ఇక అసలు సంగతి. కూరకు పెంచే చెట్టు, విత్తనానికి పెంచే చెట్టు ఒకటి కాదు. బెండకాయ లేతగా కోస్తూ ఉంటే కాస్తూనే ఉంటుంది. నాలుగు కాయలు ముదిరేదాకా వదిలారా, ఇక పిందె వేయడం తగ్గించేస్తుంది. దానికి పని అయిపోయింది మరి! పైగా కూరకైతే నాటిన నెలన్నర, రెండు నెలల్లో కోయడం మొదలుపెడతాం, విత్తనానికైతే కాయ చెట్టు మీదే ఎండాలి, మూడు నెలలు దాటుతుంది. విత్తనం చెట్టంటే ఇల్లు ఖాళీ చేయని అద్దెదారులాంటిది. (మా ఇంటాయన ఇది చదివితే ఏమనుకుంటాడో!) అందుకని ప్లానులోనే దానికి వేరే వరస కేటాయించాలి. నేను తూర్పు పిట్టగోడ పొడుగునా పాత పెయింటు డబ్బాలు పది పెట్టి, అది విత్తనాల మడి అని పేరు పెట్టాను. ఆ వరసలో కాయలు ఎవరూ కోయకూడదు.

కోయకూడదని నేను అనుకున్నాను గానీ, మావారికి చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే మేడెక్కి, "ముదిరిపోయేదాకా ఊరుకున్నావేంటి?" అంటూ పసుపెక్కుతున్న రెండు వంకాయలు కోసి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏం చెప్పను? ఆ సాయంత్రమే పాత జాకెట్టు గుడ్డ చింపి మిగిలిన కాయలకు ఎర్ర పీలికలు కట్టాను.

ఏది దేనితో కలుస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. మనుషుల్లో ఒకే గోత్రమైతే పెళ్ళి చేయరు, మొక్కల్లో తిరగేసి ఉంటుంది. ఒకే జాతివైతేనే కలుస్తాయి. వంకాయ పక్కన టొమాటో ఉంటే ఏమీ కాదు, సొరపాదు పక్కన గుమ్మడి ఉన్నా బాధలేదు. కానీ రెండు రకాల వంకాయలు పక్కపక్కన ఉంటే తేనెటీగ ఊరుకోదు. మిరపా అంతే, సిమ్లా మిర్చి కూడా ఆ జాతిదే. రెండూ పక్కన పెంచి గింజ దాస్తే, మరుసటేడు సిమ్లా మిర్చి కూర తిని పిల్లలు నీళ్ళకి పరుగెడతారు. మన పప్పులో వేసే పచ్చ దోసకాయ, కర్బూజా ఒకే జాతి, కలుస్తాయి. కీరా వేరే జాతి, దోసకాయతో కలవదు. బీర, నేతిబీర కూడా ఒక్కోసారి కలుస్తాయి. టొమాటో, చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద మాత్రం చాలా బుద్ధిమంతులు. పువ్వు లోపలే పని ముగించుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. కలిసిన సంగతి ఈ ఏడు కాయలో కనబడదు. చెట్టు మీద కాయ అమ్మ రకంలాగే ఉంటుంది, మార్పంతా లోపలి గింజలో ఉంటుంది. నేను మోసపోయింది అక్కడే.

దూరం పెడితే సరిపోతుంది కదా అంటారా? టొమాటోకి పాతిక మీటర్లు చాలు గానీ, తీగజాతులకు వందల మీటర్లు ఉండాలని విత్తనాలు పండించే రైతులకు చెబుతారు. పద్దెనిమిది అడుగుల మేడ మీద వందల మీటర్లు ఎక్కణ్ణించి తెస్తాం? అప్పుడు గుర్తొచ్చింది, పంజగుట్టలో మా పెద్దాడపడుచు ఉందని. మెట్రోలో ఒక్క స్టేషను. వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ, చుట్టుపక్కల ఎవరింట్లోనూ వంగచెట్టు లేదు. రెండు మొక్కలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

"బట్టలారేసుకోనీకే జాగ లేదు, నీ వంకాయ చెట్లు యాడ పెట్టాలె?" అంది.

"రెండే వదినా. నీళ్ళు పోస్తే చాలు."

"కాయలు నాకేనా మరి?"

"మొదటి కాపు నీకే. ఎర్రపీలిక కట్టినవి మాత్రం నాకు."

ఒప్పుకుంది. ఇప్పుడు వాళ్ళింటికెళ్తే ముందు చెట్ల క్షేమసమాచారం, తర్వాతే మనుషులది.

అలాంటి వదిన లేనివాళ్ళకు మూడు దారులున్నాయి. ఒకటి, ఒక సీజనుకి ఒక జాతిలో ఒకే రకం వేసుకోవడం. ఇది అన్నిటికంటే సులువు. కాకపోతే పక్క మేడల మీద ఏముందో కూడా ఓ చూపు చూడండి. రెండు, ఒక రకం పూత అయిపోయాక రెండోది పూతకొచ్చేలా నెలన్నర, రెండు నెలల తేడాతో విత్తడం. మూడు, సంచి కట్టడం. పాత దోమతెర ముక్కతో జానెడు సంచి కుట్టి, వంగ పువ్వులు ఇంకా మొగ్గగా ఉన్నప్పుడే కొమ్మకు తొడిగి, లోపలికి పురుగు దూరకుండా దారం కట్టాలి. పొద్దున తొమ్మిది పది గంటలప్పుడు సంచి మీదనుంచే కొమ్మను వేలితో నాలుగుసార్లు తడితే పుప్పొడి రాలుతుంది. వంగలో అన్ని పువ్వులూ కాయ కట్టవు. మధ్యలో కాడ పైకి పొడుచుకొచ్చిన పువ్వే కడుతుంది, మిగతావి రాలితే బెంగపడకండి. పిందె కనబడగానే సంచి తీసేసి పీలిక కట్టేయండి.

సొరకాయకి ఈ పని సాయంత్రం. పువ్వులు పొద్దువాలాక విచ్చుకుంటాయి. ఆ సాయంత్రం విచ్చుకునే మగమొగ్గ, ఆడమొగ్గ (కింద బుల్లి సొరకాయ ఉన్నదే ఆడది) మూసి ఉండగానే దారంతో కట్టాలి. చీకటి పడేముందు విప్పి, మగపువ్వు రెక్కలు తుంచేసి ఆడపువ్వుకు అద్ది, మళ్ళీ కట్టేయాలి. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు మోగుతుంటే, పైన నేను సొరపువ్వుకు పెళ్ళి చేస్తుంటాను. హాస్టలు పిల్లలు కిటికీల్లోంచి చూసి ఏమనుకుంటారో మరి.

ఎప్పుడు వేయాలన్నదీ ప్లానులో భాగమే. మృగశిర కార్తెలో వేస్తే కాయ ముదిరేసరికి మంచి వానలు, గింజ కాయలోనే కుళ్ళుతుంది, లేదా మొలకెత్తుతుంది. ఎండాకాలం స్లాబు వేడికి టొమాటో పూత నిలవదు. మన ఊరికి నా లెక్క ఇది: వంగ, టొమాటో, మిరప నారు ఆగస్టులో పోసి, సెప్టెంబరులో నాటితే, విత్తనం కాయలు డిసెంబరు, జనవరిల్లో పండుతాయి. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది, గింజ చక్కగా ఆరుతుంది.

మొదటి విత్తనం కొనేటప్పుడు పొట్లం మీద చూడండి. హైబ్రిడ్ అనో, ఎఫ్-1 అనో ఉంటే దాని గింజ దాచినా అదే కాయ రాదు. సూటి రకాలు అడగండి. పూసా రూబీ టొమాటో, అర్కా అనామిక బెండ, భాగ్యమతి వంకాయ, జగిత్యాల లాంగ్ బీర ఇలాంటివి. రైతుబజారులో కొన్న ముదురు కాయ గింజలు వేయడమంటే లాటరీయే, అది ఏ రకమో అమ్మేవాళ్ళకే తెలియదు.

గింజ తీయడం ఏమంత కష్టం కాదు. వంకాయ పూర్తిగా పసుపెక్కి మెత్తబడ్డాక కోసి, నాలుగు రోజులుంచి, నీళ్ళలో పిసికితే మంచి గింజ అడుక్కి దిగుతుంది. టొమాటో గుజ్జు రెండు రోజులు గిన్నెలో పులియనిచ్చి కడగాలి. కాగితం మీద ఆరేస్తే అంటుకుపోతుంది, స్టీలు పళ్ళెం మేలు. బెండ, చిక్కుడు, బీర చెట్టు మీదే గలగలమనేదాకా ఎండాలి. బెండకాయ పగిలి గింజ రాలకుండా దారం చుట్టండి. ఎండిన గింజలు నీడలో ఇంకో వారం ఆరాక బూడిద కలిపి, సీసాలో పోసి, రకం పేరు, సంవత్సరం రాసి అతికించండి. పేరు రాయని సీసా ఉన్నా లేనట్టే. ఆకుల ఈనెలు పసుపెక్కిన బెండ మొక్కనుంచి, ముడుచుకున్న మిరప మొక్కనుంచి గింజ తీయకండి. ఒక్క చెట్టుదే కాక, నాలుగైదు మంచి చెట్ల గింజలు కలిపి దాచండి.

సొర, బీర, దోస గింజలు దాచి వేసేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. ఇవి ఏ చేదు రకంతోనో కలిస్తే కాయ చేదెక్కుతుంది. కూర తరిగేముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదనిపిస్తే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఉడికించినా, ఉప్పేసి పిండినా ఆ విషం పోదు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. కాకరకాయ చేదు వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మా జహీరాబాదు పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నాయి. మట్టి అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు వేసి జొన్న, కొర్ర, పప్పుల విత్తనాలు దాస్తారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీస్తారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. అక్కడ గింజ అప్పు తీసుకుంటే పంటయ్యాక ఎక్కువ కొలిచి తిరిగివ్వాలి. ఆ పద్ధతి చూసే మా సందులో నలుగురం మొదలుపెట్టాం, పది గింజలు తీసుకుంటే ఇరవై ఇవ్వాలని. ఒకరింట్లో చెట్టు చచ్చినా ఇంకొకరింట్లో రకం బతుకుతుంది కదా! నా దగ్గర మొదట్నుంచీ అలా ఉండుంటే అమృతాంజనం సీసా కోసం వెతుక్కునేదాన్నా?

విత్తేముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి, వంటింటి గట్టు మీద పెట్టి చూసుకోండి. ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. నాలుగే మొలిస్తే రెట్టింపు వేయండి. పోయిన జనవరిలో పంజగుట్ట బాల్కనీ కాయల గింజ అలా చూస్తే పదికి తొమ్మిది మొలిచాయి. నాటాక కాసినవన్నీ గుండ్రంగా, చారలతో, ముళ్ళతోనే. తమ్ముడికి ఒక పొట్లం పంపాను. పత్తిచేను గట్టు మీద పది మొక్కలు నాటానని ఫోను చేశాడు. ఎర్రపీలిక కట్టాడో లేదో పండక్కి వెళ్ళినప్పుడు చూడాలి.