గంట కొట్టని పాఠం
కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా కనిపించే మచ్చ కొన్నిసార్లు సీతాకోకచిలుక లార్వా. ఎదిగాక కుబుసం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. ఇలాంటి మార్పును రోజూ గమనించే తీరిక ఇంటి చదువులో ఉంటుంది. కానీ పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులను అందరూ అడిగేది సర్టిఫికెట్ గురించి. 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు, ఆ సంగతి అంతటితో సరి. నన్ను ఇంటి చదువు వైపు లాగేది ఆ తీరికే. పాఠ్యపుస్తకంలో గుడ్డు, లార్వా, ప్యూపా, సీతాకోకచిలుక నాలుగు బొమ్మలై గుండ్రంగా కలిసిపోతాయి. పెరట్లో అలా కలవవు: చాలా లార్వాలను పిట్టలు తినేస్తాయి, కొన్ని ప్యూపాల్లోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న చిన్న పరాన్నజీవి కందిరీగలు బయటికొస్తాయి. రోజూ వెళ్లి చూసిన పిల్లకే ఈ సంగతి తెలుస్తుంది. ఆ పిల్ల సలీం అలీ పక్షుల పుస్తకం చంకన పెట్టుకుని చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళితే, గూడబాతుల గూటికి ఎన్ని పిల్లలు రెక్కలొచ్చేదాకా బతుకుతాయని అడుగుతుంది. అసలు సైన్సు అదే అంటాను. జవాబు తల్లికి తెలియనక్కర్లేదు, మళ్లీ తీసుకెళ్లే వీలుంటే చాలు. కూలికి వెళ్లే తల్లికి ఆ వీలు లేదు గనుక, సర్కారు బడి వారానికి ఒక పూటైనా గంట కొట్టకుండా పిల్లల్ని చెట్ల దగ్గరికి తీసుకెళ్లాలి.