అరెస్టయిన మనిషి ఎక్కడున్నాడు? చెప్పడం పోలీసుల దయ కాదు, బాధ్యత

2025 ఫిబ్రవరి 26 రాత్రి సినీ నటుడు, రచయిత పోసాని కృష్ణమురళిని హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. రైల్వే కోడూరు కోర్టు రిమాండ్ విధించడంతో రాజంపేట సబ్‌జైలుకు పంపారు. కొద్ది రోజులకే నరసరావుపేట పోలీసులు పీటీ వారెంట్‌తో వచ్చి తీసుకెళ్లారు. అక్కడి నుంచి గుంటూరు జిల్లా జైలు. ఆ వెంటనే మన ఆదోని పోలీసులు కూడా అదే పద్ధతిలో ఆయన్ని గుంటూరు నుంచి ఆదోని తెచ్చి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు. తర్వాత కర్నూలు జిల్లా జైలుకు తరలించారు. కేసుల్లో బెయిల్ వచ్చాక కూడా సీఐడీ మరో పీటీ వారెంట్ వేసింది. చివరికి మార్చి 22న గుంటూరు జైలు నుంచి ఆయన బయటికొచ్చారు.

ఆ కేసుల మంచిచెడ్డలు ఇక్కడ విషయం కాదు. నెల తిరక్కుండానే ఒక మనిషి ఇన్ని జైళ్లు మారితే, ప్రతి మలుపూ జనానికి తెలిసింది. ఎందుకంటే కెమెరాలు వెంట ఉన్నాయి, లాయర్లు వెంట ఉన్నారు. మరి ఆదోనిలో హమాలీ పని చేసే కుర్రాడినో, ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషినో, మాధవరం చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్న ఆటో డ్రైవర్‌నో ఇలాగే తిప్పితే ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్తారు?

చట్టం ప్రకారం పోలీసులే చెప్పాలి. వాస్తవంలో మాత్రం ఈ సమాచారం కోసం మన కుటుంబాలు వార్డు నాయకుడి ఇంటికి, స్టేషన్ బయట నిలబడే మధ్యవర్తి దగ్గరికి తిరుగుతున్నాయి. ఉచితంగా అందాల్సిన దానికి డబ్బు, సమయం, మర్యాద మూడూ ఖర్చవుతున్నాయి.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో మన విషయానికి పనికొచ్చే సెక్షన్లు కొన్నే. గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

సెక్షన్ 48: అరెస్టు చేసిన పోలీసు అధికారి ఆ సంగతి, మనిషిని ఎక్కడ ఉంచారన్న సంగతి వెంటనే బంధువుకో స్నేహితుడికో చెప్పాలి. ఎవరికి చెప్పారో స్టేషన్ పుస్తకంలో రాయాలి. ఇది జరిగిందో లేదో మేజిస్ట్రేట్ సరిచూసుకోవాలి.

సెక్షన్ 37: ప్రతి జిల్లాలో, ప్రతి స్టేషన్‌లో ఏఎస్ఐకి తగ్గని అధికారి ఒకరు అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు ఉంచాలి. అవి అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. డిజిటల్ రూపంలో అయినా సరే.

సెక్షన్ 58: ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేదీ ఇదే.

ఇవేవీ కొత్త మాటలు కావు. అరెస్టు సంగతి ఇంటికి తెలియాలని సుప్రీంకోర్టు 1994లో జోగీందర్ కుమార్ కేసులో, 1996లో డీకే బసు కేసులో చెప్పింది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. అరెస్టు చేశామని చెప్తే చాలదు, ఎందుకు చేశారో కూడా కుటుంబానికి తెలియజేయాలంది.

పోలీసుల వైపు నుంచి ఒక వాదన ఉంది. ముందే చెప్తే మిగతా నిందితులు పారిపోతారు, సాక్ష్యాలు మాయమవుతాయి అంటారు. కొన్ని కేసుల్లో ఆ భయం నిజమే కావచ్చు. కానీ కుటుంబం అడిగేది దర్యాప్తు రహస్యం కాదు, మనిషి ఏ గదిలో ఉన్నాడని మాత్రమే. ఆ రెండిటికీ తేడా చూసే చట్టం ఈ బాధ్యత పెట్టింది.

మొదటి 24 గంటలు

"ఊరికే అడిగి పంపిస్తాం" అని తీసుకెళ్తారు. సాయంత్రమైనా మనిషి రాడు. స్టేషన్‌కు పోతే "ఇక్కడ లేడు" అంటారు. దెబ్బలు పడేదీ, కాగితాల మీద సంతకాలు తీసుకునేదీ ఎక్కువగా ఈ గంటల్లోనే. అందుకే ఈ సమయంలో చేసే పనికే విలువ ఎక్కువ.

ఎవరు తీసుకెళ్లారు, ఏ బండిలో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. స్టేషన్‌కు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వెళ్లాలి. గుంపుగా పోయి గొడవ పెట్టుకుంటే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. అడగాల్సినవి మూడే: క్రైమ్ నంబర్ ఎంత, సెక్షన్లు ఏవి, ఏ కోర్టులో పెడతారు. 112కు ఫోన్ చేసినా, జిల్లా ఎస్పీ ఆఫీసుకు రాతపూర్వకంగా పంపినా, ఎన్ని గంటలకు చేశామో నమోదై ఉంటుంది. తర్వాత కోర్టులో వకీలు చూపించేది దాన్నే.

ఎవరూ ఒప్పుకోకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయొచ్చని అందరూ చెప్తారు. అది నిజమే కానీ అమరావతి దూరం. దగ్గర్లోనే మరో దారి ఉంది. సెక్షన్ 100 కింద స్థానిక మేజిస్ట్రేటే, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెమ్మని సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు. ఈ సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు రెండు మూడు రోజులు ఊరికే పోగొట్టుకుంటున్నాయి.

ఏ జైలు?

స్టేషన్ లాకప్ వేరు, జైలు వేరు. మేజిస్ట్రేట్ జ్యుడీషియల్ రిమాండ్ విధించాక మనిషి పోలీసుల చేతిలోంచి జైళ్ల శాఖ చేతిలోకి పోతాడు. ఆదోనిలో సబ్‌జైలు ఉంది, కర్నూలులో జిల్లా జైలు ఉంది. కేంద్ర కారాగారం కడపలో ఉంది, ఆడవాళ్ల ప్రత్యేక జైలు కూడా కడపలోనే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే ఏ జైలుకూ పంపకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. వయసు చూపే స్కూల్ సర్టిఫికెట్ ఇంట్లో ఉంటే మొదటి రోజే వకీలు చేతిలో పెట్టాలి.

ఏ జైలన్నది రిమాండ్ ఆర్డర్‌లో ఉంటుంది. సెలవు రోజుల్లో మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు కాబట్టి కోర్టుకు తాళం ఉందని వెనక్కి రావొద్దు. కేసు వివరాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో దొరుకుతాయి. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఆధార్‌లో షేక్ మహబూబ్ బాషా, ఎఫ్‌ఐఆర్‌లో ఎస్. బాషా, జైలు రిజిస్టర్‌లో మాబాషా. వెతికితే దొరకడు, లేదా అదే పేరుతో పదిమంది వస్తారు. పేరు మీద ఆధారపడొద్దు. క్రైమ్ నంబర్, స్టేషన్ పేరు, తండ్రి పేరు, ఈ మూడూ కలిపి అడిగితే పొరపాటు జరగదు.

సరిహద్దు దాటితే

మాధవరం వాళ్లకు కర్నూలు కంటే రాయచూరు దగ్గర. పెళ్లి సంబంధాలు, బేరాలు, ఆస్పత్రులు అన్నీ అటే. కర్ణాటక మద్యం కేసుల్లో ఇటువైపు పట్టుకుంటే కర్నూలు జిల్లా కోర్టులు చూస్తాయి. రాయచూరు పోలీసులు అటువైపు పట్టుకుంటే అక్కడి కోర్టు, అక్కడి జైలు, కాగితాలేమో కన్నడంలో. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి బెంగళూరు, గుంటూరు, హైదరాబాద్ పనులకు వలస పోయేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఊరు మారినా హక్కు మారదు. సెక్షన్ 48 దేశమంతటికీ ఒక్కటే. వలస వెళ్లే ప్రతి ఒక్కరూ ఇంటి నంబర్ ఒకటి నోటికి నేర్చుకోవాలి. అరెస్టు చేయగానే ఫోన్ తీసేసుకుంటారు, అందులో ఉన్న నంబర్లు అప్పుడు పనికిరావు.

మాట కలపడం ఎలా?

ములాఖత్ కోసం ఈ-ములాఖాత్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు. సౌకర్యం ఉన్న జైళ్లలో వీడియో ములాఖత్ కూడా ఇస్తారు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. చార్జీలు, పోయిన కూలి, టిఫిన్లు లెక్కేస్తే ఒక్క ములాఖత్‌కు ఇద్దరి రోజు సంపాదన పోతుంది. నమోదు లేకుండా పోయి గేటు దగ్గరి నుంచి తిరిగొస్తే ఆ ఖర్చు రెండింతలు. ఆధార్ ఒరిజినల్ మరవకూడదు. ఏ రోజుల్లో చూడనిస్తారో, ఏ వస్తువులు లోపలికి పోతాయో ముందే జైలుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. రోజూ మందులు వాడే మనిషైతే డాక్టర్ చీటీ మొదటి ములాఖత్‌లోనే జైలు అధికారులకు ఇవ్వాలి.

వకీలుకు డబ్బుల్లేవని ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. నంబర్ 15100. స్థానిక కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీని కూడా అడగొచ్చు.

బెయిల్ వచ్చాక కూడా జమానత్ ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. వారంలోగా విడుదల కాకపోతే ఆ సంగతి జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేద ఖైదీల కోసం కేంద్రం అదే ఏడాది ఒక సహాయ పథకం తెచ్చింది. అడిగేవాళ్లు ఉంటేనే ఇవి కదులుతాయి. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు.

అడగాల్సింది ఇదే

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మాధవరం స్టేషన్ల గోడ మీద ఒక బోర్డు. ఈరోజు అరెస్టయినవాళ్ల పేర్లు, ఏ కోర్టు, ఏ జైలు. అరెస్టయినవాళ్ల పేర్లు అందరికీ కనిపించాలని సెక్షన్ 37 ఎలాగూ అడుగుతోంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సుద్దముక్క చాలు. ఈ బోర్డు కావాలని ఎన్నికలప్పుడు మొహల్లాకొచ్చే ప్రతి నాయకుడినీ అడగొచ్చు. మసీదు కమిటీలు కూడా ఒక పని చేయొచ్చు: నమ్మకమైన ఇద్దరు వకీళ్ల పేర్లు, 15100 నంబర్ నోటీసు బోర్డుపై పెట్టడం. తప్పు చేసినవాడికి శిక్ష వేయడానికి కోర్టుంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియక రాత్రంతా స్టేషన్ల చుట్టూ తిరిగే తల్లికి శిక్ష వేయమని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.