ఆస్ట్రేలియా బాక్సైట్, మన బాక్సైట్

సంపాదకులకు,



మొన్న ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వల్లే మన్యం వెనకబడిందనీ, ఆస్ట్రేలియా లాంటి దేశాలు ఖనిజాలు తవ్వుకుని బాగుపడితే మనం చేతులు ముడుచుకు కూర్చున్నామనీ వ్యాసకర్త బాధ. విశాఖ ఏజెన్సీలో ఇరవై ఆరేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ని. పోలిక తెచ్చింది ఆయనే కాబట్టి దాన్ని చివరిదాకా చూద్దాం.

ఆస్ట్రేలియా ఉత్తరాన గోవ్ ద్వీపకల్పం ఉంది. మన అనంతగిరి, చింతపల్లి కొండల్లో ఉన్నట్టే అక్కడా బాక్సైటే. 1963లో ప్రభుత్వం అక్కడి యోల్ంగు ఆదివాసులను ఒక్క మాటైనా అడగకుండా వాళ్ల రిజర్వులోంచి 300 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను గని కోసం విడగొట్టింది. ఇర్కలా ఊరివాళ్లు పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసిన కాగితాన్ని చెట్టు బెరడు మీద అంటించి, చుట్టూ తమ వంశాల బొమ్మలు రంగులతో వేసి పంపారు. ఏ నేల ఎవరిదో ఆ బొమ్మలే చెబుతాయి, మన అడంగల్ చెప్పినట్టు. తర్వాత కోర్టుకూ వెళ్లారు. 1971లో కోర్టు ఏమందంటే, మీకు కట్టుబాట్లున్న మాట నిజమే గానీ మా చట్టం లెక్కలో అది ఆస్తిహక్కు కాదంది. గని నడిచింది.

వ్యాసకర్త చెప్పిన ఆస్ట్రేలియా కథ ఇక్కడితో ఆగిపోయింది. అసలు కథ ఆగలేదు. ఆ ఓటమి రేపిన అలజడి లోంచే 1976లో భూహక్కుల చట్టం వచ్చింది. నార్తర్న్ టెరిటరీలో ఇవాళ దాదాపు సగం నేల ఆదివాసులది. అందులో కొత్తగా ఖనిజం వెతకాలంటే వాళ్లు వద్దనవచ్చు. 2017లో యోల్ంగుల్లోని గుమాజ్ వంశం వాళ్లు అదే గోవ్‌లో సొంతంగా బాక్సైట్ గని తెరిచారు. పాత అన్యాయానికి పరిహారం కోరుతూ 2019లో కేసు వేసిన ఆ వంశపు పెద్ద గలర్వుయ్ యునుపింగు 2023లో కన్నుమూశారు. 2025 మార్చిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఇంత జరిగినా బాక్సైట్ తవ్వకంలో ఆస్ట్రేలియా ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది.

ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. 2020లో జూకన్ గార్జ్‌లో 46 వేల ఏళ్ల నాడే మనుషులు మసలిన గుహలను ఇనుప ఖనిజం కోసం పేల్చేశారు, అదీ చట్టప్రకారం అనుమతి తీసుకుని! ఆదివాసులు అక్కడ మిగతావాళ్ల కంటే సుమారు ఎనిమిదేళ్లు తక్కువ బతుకుతున్నారు. దేశం తలసరి ఆదాయం చూసి ఇర్కలా ఊరి బాగోగులు చెప్పలేం.

మన దగ్గరికొస్తే, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు తవ్వకాన్ని పూర్తిగా కాదనలేదు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వొద్దంది. ప్రభుత్వ సంస్థలకూ, గిరిజన సహకార సంఘాలకూ దారి ఉంచింది, లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికే పెట్టమంది. వ్యాసంలో ఈ ముక్క కనిపించలేదు. పోనీ, బాక్సైట్ తవ్వితే చాలు బతుకులు మారతాయనుకుందాం. ఏజెన్సీ సరిహద్దు దాటితే ఒడిశాలోని కోరాపుట్. అక్కడ 1980లలోనే తవ్వకం మొదలైంది. 2018లో కేంద్రం వెనకబడిన జిల్లాలకు ‘ఆకాంక్షిత’ అని పేరు పెట్టి జాబితా ఇస్తే, అందులో కోరాపుట్ ఉంది.

ఇక 1/70 అడ్డంకి సంగతి. నేను చూసిన అడ్డంకి ఇది: మా మండల కేంద్రంలో ఒక కిరాణా కొట్టు. స్థలం కాగితం, కరెంటు బిల్లు ఒక గిరిజనుడి పేరు మీద. గల్లాపెట్టె తాళాలు షావుకారు మొలకు. ఒకరోజు మా మూడో తరగతి పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, “మాస్టారూ, ఇది మా నాన్న కొట్టే” అని మురిసిపోతూ చూపించాడు. వాళ్ల నాన్న అప్పుడు ఉప్పు బస్తా వీపున వేసుకుని లోపలికి మోస్తున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నర్సీపట్నం