ఫో, పులిహోర, పేరు సంగతి

అమ్మాయి ఇంట నాలుగు మాసాలుందామని కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరానికి వచ్చాను. మా పాఠశాలలో నాతోపాటు పనిచేసి విరమించిన లెక్కల మాస్టారొకరు ఇక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. మొన్న శనివారం ఇద్దరమూ కలిసి ఒక వియత్నాం భోజనశాలకు వెళ్లాము. శాకాహారులకు అక్కడేం దొరుకుతుందని పిల్లలు నవ్వారు. భోజనం దొరికింది, దానితోపాటు ఒక తగవూ దొరికింది.

వారి ప్రసిద్ధమైన వంటకం పేరు 'ఫో'. ఈ వ్రాత సరికాదని ముందే ఒప్పుకొంటాను. అందులోని అచ్చు మన అకారానికీ ఒకారానికీ నడుమ ఎక్కడో పలుకుతుంది. దానికి మన వర్ణమాలలో గుర్తు లేదు. పైగా ఆ భాషకు స్వరాలు కలవు. 'మ' అనే ఒక్క అక్షరాన్ని స్వరభేదంతో పలికితే దయ్యం, అమ్మ, కాని, గోరీ, గుర్రం, వరినారు అని అర్థాలు మారిపోతాయి. ఉదాత్తానుదాత్తాలను మనం వేదపాఠానికి విడిచిపెట్టాము. వారు కూరగాయల బేరంలో కూడ వాడుకొంటారు! 'ఫో' అనేటప్పుడు గొంతు కొంచెం దిగి, ప్రశ్న అడిగినట్లు మరల లేవాలి.

పట్టికలో 'ఫో చయ్' అని చూపిస్తే మా మిత్రుడు "చాయ్ తరువాత త్రాగుదాం, ముందు భోజనం సంగతి చూడండి మాస్టారూ" అన్నారు. చయ్ అనగా శాకాహారము. అక్కడి బౌద్ధులలో చాలమంది చాంద్రమాసపు మొదటి దినమున, పున్నమినాడు మాంసం ముట్టరు. మన ఏకాదశివంటి నియమమే. చేపలతో చేసే ఉప్పురసం వేయలేదని రెండుసార్లు అడిగి రూఢి చేసుకొన్నాము. పెద్ద గిన్నెలో అనాసపువ్వు, దాల్చినచెక్క గుబాళించే చారు, అందులో బియ్యప్పిండి పోగులు. ప్రక్కన పళ్లెంలో పెసర మొలకలు, తులసిజాతి ఆకు, నిమ్మచెక్క, పచ్చిమిర్చి. లెక్కల మాస్టారు ఆ రెండు పుల్లలతో సమాంతరరేఖలు చక్కగా నిలిపారు గాని ఒక్క పోగునూ పైకెత్తలేకపోయారు.

ఇక తగవు. ఆ పట్టికలో ప్రతి వంటకం పేరూ వారి భాషలోనే, కొమ్ములతో కొక్కేలతో సహా పెద్దగా ఉన్నది. ఇంగ్లీషు వివరణ క్రింద చిన్న అక్షరాలలో. నాకు ముచ్చట వేసింది. అంతకు ముందు వారమే ఒక మనవారి హోటలులో గారెను 'లెంటిల్ డోనట్' అనీ, పులిహోరను 'టామరిండ్ రైస్' అనీ చదివి వచ్చినవాడిని. గారె అన్న మాట ఎక్కడా లేదు.

"పేరులో ఏముంది మాస్టారూ! కొనేవాడికి అర్థం కావాలి గదా" అన్నారు మిత్రుడు.

మరి ఫో ఎట్లా అమ్ముడవుతున్నది? 1975లో సైగాన్ పతనమైన పిదప కట్టుబట్టలతో దేశం విడిచినవారితో మొదలైన సమాజం వీరిది. నేడు ఈ ఒక్క ఊళ్లోనే లక్షకు పైగా ఉన్నారు. వచ్చిననాడు వారిలో చాలమందికి ఇంగ్లీషు రాదు. అయినా వంటకం పేరు మార్చలేదు, తినేవారి నాలుకనే తిప్పారు. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మాటను చేర్చుకొన్నది. మనమో, ఇంగ్లీషు నేర్చి మరీ వచ్చాము. అదే మన చేటు అనుకొంటాను.

వారి సైగాన్ 1976లో హోచిమిన్ నగరమైపోయింది. ఊరిపేరు పోగొట్టుకొన్నవారికి పేరు విలువ తెలుసు. 2007 నవంబరులో ఇక్కడి నగరపాలకులు వారి అంగళ్లున్న వీథికి 'సైగాన్ బిజినెస్ డిస్ట్రిక్ట్' అని పేరు పెడితే, కాదు, 'లిటిల్ సైగాన్' అనాలని వీథికెక్కారు. ఒకాయన నిరాహారదీక్ష పట్టాడు. 2008 మార్చిలో పాలకులు ఆ పేరు ఉపసంహరించుకొన్నారు. మా మిత్రుని లెక్కలో రెండు పేర్లకూ భేదమేమున్నది?

అట్లాగని ఫోను 'నూడుల్స్' అనమనను. అది జర్మను నుండి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. తెలుగులో కొత్త మాట కల్పించాలనే మిత్రులు కోపగించకుందురుగాక, 'పిండిపోగులు' వంటివి నేనూ అల్లి చూశాను, నాకే రుచించలేదు. మన వైయాకరణులు అన్యదేశ్యానికి పీట వేసే ఉంచారు. వస్తువుతోపాటు దాని పేరునూ తెచ్చుకోవడమే మర్యాద. మన వస్తువును మన పేరుతోనే పంపడమూ అంతే.

మిత్రుణ్ణి దెప్పడం తేలికే. పోయినసారి వచ్చినప్పుడు పొరుగింటావిడకు బొబ్బట్లు ఇస్తూ 'స్వీట్ రోటీ' అన్నది నేనే. తత్సమ తద్భవాలు బోధించి బోధించి అరిగిన నోరు! మనుమరాలు ప్రక్కనే నిలబడి విన్నది.

సాయంత్రం ఇల్లు చేరగానే ఆ పిల్ల "ఏం తిన్నావు తాతయ్యా?" అని అడిగింది. ఫో అన్నాను. "అలా కాదు" అని గొంతు దించి లేపి, చక్కగా పలికి చూపింది. బడిలో దాని నేస్తం వియత్నాం పిల్ల. సంతోషించి, రేపు డబ్బాలోకి అమ్మ ఏం పెడుతున్నదని అడిగాను.

"యెల్లో రైస్" అన్నది.